సీటు కుదిరితేనే సవారీ

కల్వకుర్తి, సైకిలు అన్న మాటలు పక్కపక్కన వినిపిస్తే మన పాఠకుల్లో ఒక తరానికి 1989 ఎన్నికలు గుర్తొస్తాయి. సైకిలు గుర్తు మీద పోటీచేసిన ఎన్.టి. రామారావు ఆ ఏడాది ఇక్కడ చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ఆ కథ చెప్పుకున్నంత చెప్పుకున్నాం. ఇవాళ కాసేపు మనుషులు ఎక్కి తొక్కే సైకిలు సంగతి మాట్లాడుకుందాం. అందులోనూ ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక భాగం గురించి. ఒంటి బరువులో ఎక్కువ పాలు మోసే, జానెడు పొడవుండే సీటు గురించి.

కల్వకుర్తి దారులు కలిసే ఊరు. జడ్చర్ల నుంచి కోదాడకు పోయే రహదారి ఊరి మీదుగానే వెళుతుంది. నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ వైపు ఒక దారి చీలుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు ఎంతో దూరంలో లేదు. ఎర్ర చెల్కలు, పత్తి చేలు, పల్లి చేలు, అక్కడక్కడా రాతి గుట్టలు. ఘాట్ రోడ్డులాంటి ఎక్కుడు ఉండదు గానీ, దిగినట్టే దిగి మళ్లీ మెల్లగా పైకి లేచే నేల. ఈ నేల మీద రెండు రకాల సైకిళ్లు తిరుగుతున్నాయి. సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి సన్న టైర్ల రోడ్ బైకుల మీద, హెల్మెట్లు పెట్టుకుని, వంగి తొక్కుకుంటూ వచ్చేవాళ్లవి కొన్ని. బడికి పోయే పిల్లలవి, పొద్దున్నే పొలానికి పోయే పెద్దమనిషివి, అంగడికి సామాను కట్టుకుని పోయే చిల్లర వ్యాపారివి ఇంకొన్ని. ఈ సైకిలుకూ ఆ సైకిలుకూ ధరలో పదింతలకు పైగా తేడా ఉంటుంది. సీటు కుదరకపోతే కలిగే బాధలో మాత్రం తేడా లేదు.

ఆ బాధ గురించి ఎవరూ నోరు విప్పి చెప్పరు. మోకాలు నొస్తే ఇంట్లో చెబుతారు, నడుము పట్టేస్తే నలుగురితో చెబుతారు. పిర్రల మీద పుండ్లు లేచాయని, తొడల నడుమ తిమ్మిరెక్కి మొద్దుబారిందని చెప్పడానికి మొహమాటపడతారు. దుకాణంలో అడగరు, డాక్టరు దగ్గర ఎత్తరు. ఆడపిల్లలైతే అమ్మకు కూడా చెప్పరు. కొన్నాళ్లు ఓర్చుకుంటారు. తర్వాత ఏదో ఒక సాకు చెప్పి సైకిలు మానేస్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడు పట్నాల్లోనూ పల్లెల్లోనూ ఎంతోమంది ఆరోగ్యం కోసమని గేర్ల సైకిళ్లు కొన్నారు. వాటిలో చాలా భాగం ఇప్పుడు గోడకు చేరబడి ఉన్నాయి. టైము దొరకడం లేదంటారు. కాస్త చనువుగా అడిగితే అసలు సంగతి చెబుతారు: కూర్చోలేకపోయాం అని.

కూర్చోలేనప్పుడు మనందరం ఆలోచించే విరుగుడు ఒకటే, మెత్తదనం. సీటు గట్టిగా ఉంది కాబట్టి నొస్తోందనుకుంటాం. స్పాంజి కవరు తొడుగుతాం. జెల్ కవరు కొంటాం. ఇంట్లో పాత తువ్వాలు ఉంటే మడిచి తాడుతో కట్టేస్తాం. మొదటి రోజు హాయిగానే ఉంటుంది. పది కిలోమీటర్లు దాటేసరికి నొప్పి తిరిగొస్తుంది. కొన్నిసార్లు మునుపటికంటే ఎక్కువవుతుంది కూడా. దీనికి కారణం తెలియాలంటే మనం ఏ ఎముకల మీద కూర్చుంటామో తెలియాలి.

గట్టి అరుగు మీద కూర్చుని, అరచేతులు రెండూ కింద పెట్టి చూసుకుంటే రెండు ఎముకల మొనలు తగులుతాయి. కటి ఎముక అడుగున ఉండే ఆ రెండు మొనలూ కూర్చునే ఎముకలు. ఒంటి బరువు మోయడానికి ప్రకృతి వాటిని ఏర్పాటు చేసింది. వాటి మీద కండ తక్కువ, ఒత్తిడిని తట్టుకునే శక్తి ఎక్కువ. ఆ రెండింటి నడుమ, తొడలు కలిసే చోట ఉండేది మెత్తటి భాగం. జననాంగాలకు వెళ్లే నరాలు, రక్తనాళాలు అక్కడినుంచే పోతాయి. ఆ భాగం బరువు మోయడానికి కాదు. సీటు మంచిదా చెడ్డదా అన్నది తేల్చేది ఈ ఒక్క సంగతే. బరువు ఎముకల మీద పడితే అది మంచి సీటు. నడిమి మెత్తటి భాగం మీద పడితే చెడ్డ సీటు.

ఇప్పుడు ఆ మెత్తటి కవరు సంగతి చూద్దాం. మందమైన స్పాంజి మీద కూర్చుంటే ఎముకలు రెండూ లోపలికి దిగబడతాయి. అవి దిగినకొద్దీ నడుమ ఉన్న స్పాంజి పైకి ఉబుకుతుంది. అంటే ఒత్తిడి పడకూడని చోటే ఒత్తిడి పెరుగుతుంది. పైగా తొడలకు ఒరుసుకుని ఉక్కపోతకు చెమట పడుతుంది, చర్మం రేగుతుంది. మెత్తగా ఉన్న సీటు హాయిగా ఉన్నట్టు అనిపించడం మొదటి పావుగంట మాటే. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసి సీటు ఎంచుకుంటే మోసపోయేది ఇందుకే. దాని మీద కూర్చునేది బొటనవేలు కాదు కదా.

గట్టి సీటైతే చాలా అంటే, అదీ కాదు. వెడల్పు కుదరాలి. కూర్చునే ఎముకల నడుమ దూరం ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది. పెద్దవాళ్లలో సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య. లావుకూ దీనికీ సంబంధం లేదు. సన్నటి మనిషికి వెడల్పాటి ఎముక ఉండొచ్చు, భారీ మనిషికి ఇరుకుగా ఉండొచ్చు. సీటు మరీ ఇరుకైతే ఎముకలు అంచుల బయటికి జారి, బరువంతా నడుమ పడుతుంది. మరీ వెడల్పైతే తొడలు ఆడినప్పుడల్లా అంచులు కోసుకుంటాయి. రోడ్ బైకు సీట్లు చేసే పెద్ద కంపెనీలు ఒకే సీటును రెండు మూడు వెడల్పుల్లో చేయడానికి కారణం ఇదే.

వెడల్పు తర్వాత చూడవలసింది మనం కూర్చునే తీరు. నిటారుగా కూర్చుంటే బరువు ఎముకల వెనుక వైపు, వెడల్పాటి చోట పడుతుంది. ముందుకు వంగినకొద్దీ కటి కూడా ముందుకు తిరుగుతుంది. అప్పుడు సీటుకు తగిలే ఎముకల నడుమ దూరం తగ్గుతుంది. అందుకే నిటారు సైకిలుకు వెడల్పు సీటు, వంగి తొక్కే సైకిలుకు సన్న సీటు. తాతల కాలం నుంచి మన పల్లెల్లో తిరిగిన నల్ల సైకిలును చూడండి. హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది, మనిషి నిటారుగా కూర్చుంటాడు, చక్రాలు పెద్దవి. దానికి కింద స్ప్రింగులున్న వెడల్పాటి సీటు వేశారు. అది తెలిసి చేసిన పని. మట్టి రోడ్ల మీద, వెనుక క్యారేజి మీద బస్తా కట్టుకుని మెల్లగా పోయే మనిషికి అంతకంటే తగిన సీటు లేదు. అదే సీటును తీసుకెళ్లి వంగి తొక్కే రోడ్ బైకుకు బిగిస్తే నరకం. రోడ్ బైకు సన్న సీటును తెచ్చి నల్ల సైకిలుకు బిగించినా అంతే. ఏ సీటూ దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరు, ఏ సైకిలు మీద, ఎలా కూర్చుని, ఎంత దూరం పోతారన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. ఇప్పటి సైకిలు రూపం 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిలుతో స్థిరపడింది. సీటు చిక్కు అంతకుముందే మొదలైంది. బర్మింగ్‌హామ్‌లో తోలు వ్యాపారం చేసే జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ తన గుర్రం చనిపోతే సైకిలు అరువు తెచ్చుకున్నాడని, దాని సీటు మీద కూర్చోలేక తానే మంచి సీటు చేయాలని పట్టుబట్టాడని చెబుతారు. 1882లో ఆయన సీటుకు పేటెంట్ తీసుకున్నాడు. ఇనుప చట్రం మీద ముందూ వెనుకా బిగించి లాగి కట్టిన మందపాటి తోలు, దాని కింద స్పాంజి ఏమీ లేదు. తొక్కగా తొక్కగా ఆ మనిషి ఎముకలు తగిలే చోట తోలు కాస్త దిగి, అతని ఒంటికి తగిన అచ్చు పడుతుంది. ఆ కంపెనీ 19వ శతాబ్దం చివర తెచ్చిన బి17 అనే సీటు నేటికీ తయారవుతోంది. ప్యారిస్ నుంచి బ్రెస్ట్ పోయి తిరిగి ప్యారిస్ చేరే 1200 కిలోమీటర్ల యాత్రను 90 గంటల్లో ముగించే దూరప్రయాణికుల్లోనూ దాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు. ఒంటికి అమరిన గట్టిదనం ఎంత దూరమైనా మోస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే తోలు సీటుకు వాన పడదు. అప్పుడప్పుడూ మైనం పట్టించాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఓపిక పట్టాలి. అందరికీ నప్పేది అదే అని చెప్పడం కూడా తప్పే.

1890లలో సైకిలు మోజు ఊపందుకున్నప్పుడు, సీటు ముందు మొన ఒత్తిడి గురించి వైద్యులు ఆందోళనపడ్డారు. ముఖ్యంగా ఆడవాళ్లు తొక్కడం మొదలుపెట్టినందుకు ఆ చర్చ రాజుకుంది. నడుమ ఖాళీ వదిలి, ఎముకల కింద మాత్రమే రెండు మెత్తలు పెట్టిన క్రిస్టీ సీటును స్పాల్డింగ్ కంపెనీ అమ్మింది ఆ కాలంలోనే. ఇవాళ ఖరీదైన సీట్ల నడుమ కనిపించే ఖాళీకి 100 ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. తర్వాత ఆ ఎరుక మరుగున పడింది. మళ్లీ 1990ల చివర వైద్యులు, సీట్ల తయారీదారులు దాన్ని పట్టించుకున్నారు. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యాన్ని పరిశీలించే ప్రభుత్వ సంస్థ సైకిళ్ల మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసుల మీద జరిపిన పరిశీలన 2008లో వెలువడింది. ముందు మొన లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు తొక్కించారు. మొదట్లో తిమ్మిరి లేదన్నవాళ్లు 27 శాతం మాత్రమే. ఆరు నెలల తర్వాత 82 శాతం. అంటే సైకిలు తొక్కితే తిమ్మిరి రాకతప్పదన్న మాట నిజం కాదు. సీటు మారితే చాలామందికి తిమ్మిరి పోతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కొత్తగా తొక్కేవాళ్లకు కూర్చునే ఎముకల దగ్గర నొప్పి ఉంటుంది. అది కొద్ది రోజులకు అలవాటవుతుంది, పోతుంది. తిమ్మిరి అలాంటిది కాదు. అది అలవాటు చేసుకోవలసింది కాదు, ఓర్చుకోవలసింది కాదు. నరం నలుగుతోందని ఒళ్లు చెబుతున్న మాట అది. తిమ్మిరెక్కితే వెంటనే పెడల్ మీద లేచి నిలబడాలి, లేదా దిగాలి. దిగిన తర్వాత కూడా చాలాసేపు స్పర్శ రాకపోతే, మూత్రానికి ఇబ్బంది అయితే డాక్టరుకు చూపించాలి. మొహమాటం ఇక్కడ అక్కర్లేదు.

ఆడవాళ్ల విషయం ఇంకాస్త నిలబడి ఆలోచించాలి. సగటున వాళ్ల కటి వెడల్పు ఎక్కువ, కూర్చునే ఎముకల నడుమ దూరమూ ఎక్కువే. సైకిలు పరిశ్రమ మాత్రం దశాబ్దాల తరబడి ఎక్కువగా మగవాళ్ల కొలతల మీదే సీట్లు చేసింది. అమెరికాలో ఇంజినీరు జార్జీనా టెర్రీ 1985లో ఆడవాళ్ల కోసం సైకిళ్లు చేసే కంపెనీ పెట్టిన తర్వాత ఈ లోటు బయటపడింది. మన దగ్గర ఆడపిల్లల చదువుకు సైకిలు ఎంత ఊతమిచ్చిందో తెలియనిది కాదు. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యత ఉద్యమం వేలమంది ఆడవాళ్లకు సైకిలు నేర్పింది. బీహార్‌లో 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ల పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. ఇవన్నీ గొప్ప పనులు. వాటికి ఇంకొక్క పని జోడిస్తే ఆ గొప్పతనం నిండుతుంది. సైకిలు చేతికిచ్చిన రోజే ఒక మనిషి పానా పట్టుకుని, ఒక్కొక్క పిల్ల ఎత్తుకు తగ్గట్టు సీటు సరిచేసి ఇవ్వాలి. ఒకే ఎత్తున బిగించిన వంద సైకిళ్లను వంద రకాల ఎత్తులున్న పిల్లలకు ఇస్తే, వాటిలో ఎన్ని కొన్నాళ్లకు ఇంటి వెనక్కి చేరతాయో ఊహించుకోవచ్చు. అప్పుడు నింద పిల్ల మీదే పడుతుంది, తొక్కడం రాదని.

సరిచేయడం పెద్ద విద్య కాదు. సగం సీటు బాధలు కొత్త సీటు కొనకుండానే పోతాయి. మొదట ఎత్తు. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను అడుగుకు తెస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఇంకా నికరంగా కావాలంటే, చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, గజ్జల నుంచి నేల వరకు కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, పెడళ్లు తిరిగే ఇరుసు నడుమ నుంచి సీటు పైభాగానికి ఉండవలసిన దూరం వస్తుంది. 80 సెంటీమీటర్లుంటే దాదాపు 70.6. ఇది మొదటి అంచనా మాత్రమే, తొక్కి చూసి అటూఇటూ మార్చుకోవాలి. సీటు మరీ ఎత్తైతే పెడల్ అందుకోవడానికి నడుము అటూఇటూ ఊగుతుంది, చర్మం ఒరుసుకుంటుంది, నడిమి భాగం నలుగుతుంది. మరీ కిందికైతే మోకాళ్లు నొస్తాయి. సీటు రాడ్డు మీద ఎంతవరకు పైకి లాగొచ్చో గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేలా లాగకూడదు, రాడ్డు ఊడే ప్రమాదం ఉంది. అప్పుడే నేర్చుకునే పిల్లలకు ఈ లెక్క వర్తించదు. వాళ్ల పాదాలు నేలకు నిండుగా ఆనాలి. నేర్చుకున్నాక మెల్లగా ఎత్తు పెంచాలి. ఎదిగే పిల్లలకు కొన్ని నెలలకోసారి ఈ పని చేయాలి.

తర్వాత వాలు. సీటు నేలకు సమాంతరంగా ఉండాలి. మొన పైకి లేస్తే నడుమ గుచ్చుకుంటుంది. బాగా కిందికి వంగితే మనిషి ముందుకు జారి, బరువంతా చేతుల మీద పడి మణికట్లు నొస్తాయి. ఒకటి రెండు డిగ్రీల మార్పుకే ఎంతో తేడా తెలుస్తుంది. ఆ తర్వాత ముందుకు వెనక్కి జరపడం. పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ముందు మోకాలు పెడల్ ఇరుసుకు సూటిగా పైన ఉంటే మొదట్లో సరిపోతుంది. ఆఖరుది హ్యాండిల్ దూరం. అది మరీ దూరంగా ఉంటే మనిషి తెలియకుండానే సీటు మొన మీదికి జరుగుతాడు. అప్పుడు తప్పు హ్యాండిల్‌ది, తిట్లు సీటుకు.

టైరు గాలిని కూడా చూడాలి. సన్న టైర్లలో రాయిలా గాలి నింపితే రోడ్డు మీది ప్రతి గులకరాయీ ఎముకలకు తెలుస్తుంది. కాస్త వెడల్పు టైరు, కాస్త తక్కువ గాలి సీటుకు సగం పని తగ్గిస్తాయి. దుస్తులూ అంతే. ప్యాంటు కుట్లు సరిగ్గా కూర్చునే చోటికి వస్తే గంటలో చర్మం లేస్తుంది. దూరాలు తొక్కేవాళ్లు లోపల మెత్త కుట్టిన నిక్కర్లు వేసుకునేది కుట్లు తగలకుండా, చెమట పీల్చడానికి. వాటి లోపల మరో బట్ట ఉండకూడదన్నది కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. మన పగటి ఎండకు నల్ల రెగ్జిన్ సీటు పెనంలా కాలుతుంది కాబట్టి నీడన పెట్టడమూ సీటు సంరక్షణలో భాగమే.

చదును దారి ఎక్కుడు దారి కంటే సీటుకు కఠినం. గుట్ట ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కుతాం, కూర్చునే చోటికి ఊపిరి ఆడుతుంది, రక్తం పారుతుంది. చదునులో గంటలు గంటలు కదలకుండా ఒకే చోట కూర్చుంటాం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ దారి మీద నీడలో ఆగకుండా తొక్కేవాళ్లకైనా, కల్వకుర్తి నుంచి దేవరకొండ వైపు సూటి రోడ్డు మీద పోయేవాళ్లకైనా ఇదే సూత్రం. పది పదిహేను నిమిషాలకోసారి, అవసరం లేకపోయినా, పెడళ్ల మీద లేచి నిలబడాలి. డబ్బు పెట్టనక్కర్లేని వైద్యం ఇది.

ఇన్ని చేసినా కుదరకపోతే అప్పుడు కొత్త సీటు కొనాలి. కొనే ముందు కొలుచుకోవాలి. గట్టి బల్ల మీద అట్టపెట్టె అట్ట పరచి, మోకాళ్లు కాస్త పైకి వచ్చేలా కూర్చుని, ముందుకు వంగితే అట్ట మీద రెండు గుంటలు పడతాయి. వాటి నడుమ దూరం కొలిచి, రెండు సెంటీమీటర్ల పైచిలుకు కలుపుకుంటే సీటు వెడల్పుకు మంచి అంచనా వస్తుంది. నిటారుగా కూర్చునేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ కలుపుకోవాలి. అయితే కొలత దారి చూపుతుందే గానీ తీర్పు చెప్పదు. సీటు వంపు, మొన పొడవు, నడుమ ఖాళీ ఇవన్నీ ఒంటికి తగిలినప్పుడే తెలుస్తాయి. కనీసం ఒకటి రెండు గంటలు తొక్కితే గానీ తెలియదు.

చిక్కు ఇక్కడే ఉంది. చెప్పుల దుకాణంలో కాలు పెట్టి చూడకుండా, నాలుగడుగులు నడిచి చూడకుండా ఎవరూ చెప్పులు కొనరు. సైకిలు మాత్రం చక్రం అంగుళాలు చూసి, రంగు చూసి, ధర చూసి కొంటాం. దుకాణదారు పెడళ్లు బిగించి, గాలి కొట్టి, ఇచ్చేస్తాడు. సీటు ఏ ఎత్తులో ఉందో ఆ ఎత్తులోనే ఇంటికి పోతుంది. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు, కొనేవాళ్లు అడగలేదు. పెద్ద నగరాల్లో కొన్ని దుకాణాలు ఒంటి కొలతలు తీసి సైకిలు అమర్చి ఇస్తాయి. దానికి వేల రూపాయలు తీసుకుంటాయి. అందులో యంత్రాలకు అయ్యే ఖర్చు ఉంది, అనుభవానికి విలువ ఉంది. కానీ దాని మూలంలో ఉన్న తెలివి చౌక. ఒక టేపు, ఒక అట్టముక్క, ఒక పానా, పది నిమిషాల ఓపిక చాలు. సైకిల్ టాక్సీలు నడిచిన కాలంలో గంటకు అద్దెకిచ్చే సైకిలైనా సరే, మనిషి ఎత్తు చూసి సీటు దించి, ఎత్తి ఇచ్చిన మేస్త్రీలు మన ఊళ్లలో ఉండేవాళ్లు. ఆ పనితనం మనకు కొత్త కాదు.

2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిలు ఉంది. ఆ తర్వాత మన ప్రాంతంలో మోటారు బండ్లు పెరిగాయి, సైకిళ్లు తగ్గాయి. దేశానికి లక్షల సైకిళ్లు అందించిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినాన, మూతపడింది. అయినా ఇప్పుడు పెట్రోలు ధర, పొగ, కూర్చుని కూర్చుని వచ్చే జబ్బులు అన్నీ కలిసి సైకిలును మళ్లీ గుర్తు చేస్తున్నాయి. ప్రతి జూన్ 3న ర్యాలీలు తీస్తాం, టోపీలు పంచుతాం, తొక్కండి తొక్కండి అని చెబుతాం. మరి తొక్కడం మొదలుపెట్టిన మనిషి నెల తిరక్కుండా ఎందుకు మానేస్తున్నాడో అడగం. మనిషిలో పట్టుదల లేదని తేల్చేస్తాం. పట్టుదల ఉన్నా, నలిగే నరం మీద కూర్చుని ఎవరూ ఎక్కువ దూరం పోలేరు.

బాధను ఓర్చుకోవడమే గొప్ప అని మనం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. కల్వకుర్తి ఉన్న ఈ పాలమూరు నేల మనుషులు మరీ ఎక్కువగా నేర్చుకున్నారు. కరువు ఓర్చుకున్నారు, వలస ఓర్చుకున్నారు. ఆ ఓర్పుకు దండం పెట్టాలి. కానీ మార్చుకోగలిగిన బాధను ఓర్చుకోవడం ఓర్పు కాదు. అది ఒళ్లు చెప్పే మాటను వినకపోవడం. ఒక బోల్టు వదులు చేసి సీటును రెండు వేళ్ల మందం దించితే పోయే నొప్పిని ఒక పిల్ల ఏడాదంతా మోస్తే, అందులో ఆ పిల్ల గొప్పతనం ఉండొచ్చు గానీ, పెద్దవాళ్ల గొప్పతనం లేదు.

అందుకే కోరేది చిన్నది. సైకిలు అమ్మే ప్రతి దుకాణం కొన్న మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, ఎత్తూ వాలూ సరిచేసి పంపాలి. రెండు మూడు వెడల్పుల పాత సీట్లు తొక్కి చూడటానికి ఉంచి, నచ్చకపోతే మార్చుకునే వీలివ్వాలి. బడులు తెరిచే జూన్‌లో ఒక పూట సైకిల్ మేస్త్రీని బడికి పిలిపించి, పిల్లలందరి సీట్లూ సరిచేయించాలి. ఆడపిల్లలు చెప్పుకోవడానికి ఒక టీచరమ్మ పక్కన ఉండాలి. కొత్తగా తొక్కేవాళ్లను పాతవాళ్లు సిగ్గుపడకుండా అడగాలి, ఎక్కడ నొస్తోందని. ఇంట్లో సైకిలు ఉన్న ప్రతివాళ్లూ ఈ ఆదివారం ఒక పానా తీసుకుని, ఎవరు తొక్కుతారో వాళ్లను కూర్చోబెట్టి మడమ పెడల్ మీద పెట్టించి చూడాలి. సరిగ్గా లేకపోతే అప్పుడే సరిచేయాలి.